బొట్టు చెరిపే అచ్చాయమ్మ

అనగనగా ఒక ఊరు. ఎక్కడుందని అడగవేం? ఒక తాతగారి బుర్రలో ఉంది. నవ్వకే! నీ బుర్రలోనూ ఇలాంటి ఊళ్ళు బోలెడున్నాయి. కాకపోతే అక్కడి జనం ఎప్పుడూ ఆటల్లో ఉంటారు, పిలిస్తే పలకరు.

వాటిని డాక్టర్లు నరాల కణాలంటారు. మనకెందుకులే, ఊళ్ళనే అనుకుందాం. ఆ ఊళ్ళో జనం పేరు ప్రోటీన్లు. పప్పన్నం పెడితే మూతి తిప్పుతావే, ఆ పప్పులో ఉండేవాళ్ళకి వీళ్ళు చుట్టాలు.

ఆ ఊరికి ఒకటే వీధి. పొడుగాటి వెదురు వంతెనలా ఉంటుంది. అటూ ఇటూ ఆడవాళ్ళు నిలబడి ఆ వెదుళ్ళని పట్టుకుని ఉంటారు. వాళ్ళు పట్టుకుంటేనే వీధి నిలుస్తుంది. దాని మీదుగా ఒక కావిడివాడు అన్నం మోసుకుపోతాడు. ఎవరికి? వీధి చిట్టచివర ఉండే చిన్నారి చిట్టెమ్మకి.

చిట్టెమ్మ పని ఒకటే. తాతగారికి భార్య ఎదురుపడగానే, "అదుగో, మన గయ్యాళి వచ్చింది!" అని పక్క ఊరికి కేకెయ్యాలి. ఆ కేక ఊరూరూ దాటి తాతగారి నోటిదాకా వస్తుంది. అప్పుడాయన, "ఏమే గయ్యాళీ, మజ్జిగేదే?" అంటాడు. ఆవిడ "మజ్జిగా లేదు, మన్నూ లేదు" అంటూనే గ్లాసు నింపుతుంది. పెళ్ళయిన నాటినుంచీ అంతే. చిట్టెమ్మ కడుపు నిండితేనే ఆ పిలుపు. అన్నం అందకపోతే లేదు.

ఆ ఊళ్ళో ఎవర్ని ఏ పనికి పిలవాలన్నా బొట్టు పెట్టి పిలవాల్సిందే. బయటినుంచి కబురు రాగానే పేరిందేవి అనే ముత్తైదువ కుంకుమ భరిణె పట్టుకుని బయల్దేరుతుంది. ఆవిడ బొట్టు పెట్టిందంటే, చేతిలో పని వదిలేసి లేవాల్సిందే. ఆ పని అయ్యాక అచ్చాయమ్మ తడిగుడ్డతో వచ్చి బొట్టు చెరుపుతుంది. అప్పుడు ఎవరి చోటికి వాళ్ళు వెళ్తారు.

"వాళ్ళే చెరుపుకోవచ్చుగా అమ్మమ్మా?"

"ఎవరి బొట్టు వాళ్ళు చెరుపుకుంటారటే, పిచ్చిమొహమా!"

పేరిందేవంటే ఊరందరికీ ముద్దు. అచ్చాయమ్మనేమో ఎవరూ ఏమీ అనరు. ఆవిడ ఎదురొస్తే మాత్రం ఇంట్లోకి వెళ్ళి, కాసేపు కూర్చుని, మంచినీళ్ళు తాగి మళ్ళీ బయల్దేరతారు. అచ్చాయమ్మకి ఇదంతా తెలుసు. "పోనీలే, నా పుణ్యమా అని వీళ్ళకి దాహమన్నా తీరుతోంది" అని లోలోపల నవ్వుకునేది.

తాతగారికి వయసు మీదపడింది. ఆ తర్వాత ఊరి బయట ఏదో జిగట చెత్త పేరుకోసాగింది. పేరిందేవి బెదిరిపోయింది. ఊరికేదో ముంచుకొస్తోందని జనాన్ని పిలవడం మొదలుపెట్టింది.

మొదటిసారి ఖాళీగా ఉన్నవాళ్ళకి పెట్టింది. అచ్చాయమ్మ చెరిపేసింది. రెండోసారి ఒక్కో నుదుటికి రెండేసి మూడేసి పెట్టింది. అచ్చాయమ్మ చేతులు పడిపోయేలా చెరిపింది. అప్పుడు పేరిందేవికి ఒళ్ళు మండింది.

"శుభమా అని నేను పిలుస్తుంటే, వెనకాలే చెరుపుకుంటూ వస్తావేమిటమ్మా?"

"నీ ఇష్టమొచ్చినవాళ్ళని పిలుచుకో తల్లీ. ఆ వెదుళ్ళ దగ్గరవాళ్ళని మాత్రం పిలవకు. వాళ్ళు చెయ్యి వదిలితే చిట్టెమ్మకి కూడుండదు."

"విన్నారా, పసిపిల్ల కూడు మీద నోరు పారేసుకుంటోంది!" అంది పేరిందేవి. ఊరు గుసగుసలాడింది.

ఆ తర్వాత అచ్చాయమ్మని పెరటి కొట్లో ఉంచి గొళ్ళెం పెట్టారు. తిట్టలేదు, కొట్టలేదు. "ఈ హడావుడి అయ్యేదాకా ఇక్కడుండమ్మా" అన్నారంతే. నవ్వుకుందామని చూసింది అచ్చాయమ్మ. నవ్వు రాలేదు.

మూడోసారి పేరిందేవి నేరుగా వీధిలోకి వచ్చింది. వెదుళ్ళు పట్టుకున్నవాళ్ళకి నుదుట పెట్టింది, బుగ్గన పెట్టింది, చేతుల మీద పెట్టింది. వదలకూడదని వాళ్ళకీ తెలుసు. కానీ బొట్టు పెట్టి పిలిచాక రాకుండా ఎలా ఉంటారు? వదిలేశారు. ఎక్కడికి రమ్మందో పేరిందేవికే తెలియదు. అప్పుడు వాళ్ళు ఉన్నచోటే ఒకరి మీద ఒకరు పడి, జడలూ చేతులూ పెనవేసుకుపోయి పెద్ద చిక్కుముడి అయిపోయారు. వెదుళ్ళు ఒక్కొక్కటే జారిపోయాయి. కావిడివాడు అన్నంతో నడివీధిలో ఆగిపోయాడు.

ఆ చప్పుడుకి అచ్చాయమ్మ కొట్టు తలుపు బాదింది. ఎవరో గొళ్ళెం తీశారు. తడిగుడ్డతో పరుగెత్తి ఒక్కో బొట్టూ చెరిపింది. బొట్లన్నీ పోయాయి. చిక్కు మాత్రం విడలేదు.

అవతలి చివర నుంచి చిట్టెమ్మ అడిగింది. "అన్నం వస్తోందా అత్తా?"

"వస్తోంది తల్లీ."

ఆ తర్వాత మళ్ళీ అడిగింది, గొంతు సన్నబడింది. "ఇదుగో, వచ్చేస్తోంది" అంది అచ్చాయమ్మ, చిక్కులో వేళ్ళు పెట్టి లాగుతూనే. మూడోసారి చిట్టెమ్మ అడగలేదు.

"తర్వాత విప్పేసింది కదూ, అమ్మమ్మా?"

"లేదమ్మా. ఆ చిక్కు విప్పే చెయ్యి ఇంతవరకూ ఎవరికీ దొరకలేదు."

ఆ మధ్యాహ్నం తాతగారి ముందుకి భార్య వచ్చి నిలబడింది. ఆయన చాలాసేపు చూశాడు. ఎక్కడినుంచీ కేక రాలేదు. అప్పుడు పైకండువా సర్దుకుని, కాళ్ళు దగ్గరికి తీసుకుని, ఎంతో మర్యాదగా అడిగాడు. "కూర్చోండమ్మా. ఎవరి కోసం వచ్చారు?"

"ఆవిడేమంది?"

"ఏమంటుందే. 'మీ కోసమేనండీ' అని మజ్జిగ గ్లాసు చేతికిచ్చింది."

కథేమో కంచికి,
కునుకేమో కంటికి,
మనమేమో ఇంటికి,
దారింకా ఉన్న ఇంటికి.