బాతు తోక ఊపి కంపైలర్‌కి నేర్పిన సంగతి

ఒకప్పుడు బాతు తోక ఊపేది కాదు. నడిచినా ఈదినా ఆ తోక వెనకాల ఊరికే పడి ఉండేది. ఆ రోజుల్లోనే కంపైలర్ రాసుకునే పేర్లకీ తోకలుండేవి కావు. బాతుకీ కంపైలర్‌కీ చుట్టరికమేమిటంటారా? ఉందర్రా, వినండి.

కొల్లేటి గట్టున మంగతాయి అని ఒకావిడ బాతులు పెంచేది. గుడ్లు పొదగడానికి ఆవిడకో కరెంటు పెట్టె ఉండేది. ఆ పెట్టెకి కంప్యూటర్ బుర్ర. ఆ బుర్రలో కాపురముండేవాడు కంపైలర్.

మనం రాసింది యంత్రానికి తెలియదు. యంత్రం మాట మనకి తెలియదు. అందుకని కంపైలర్ మనం రాసిందాన్ని ముందు తన నడిమి భాషలో రాసుకుంటాడు. ఆ తర్వాతే యంత్రానికి చెబుతాడు. ఎంత ఓపికో చూడండి!

మంగతాయి పెద్ద మనవడు పెట్టెకి ఇలా రాసిచ్చాడు: "పొద్దున్నే పెట్టెలో వేడి ఎంతుందో చూడు. ముసురు పట్టిందా, వేడిని కాస్త పెంచు. ఎండ కాసిందా, కాస్త తగ్గించు. ఆఖర్న ఆ వేడిని గుడ్లకివ్వు." ఇలా మారుతుండే విలువకి పెట్టుకున్న పేరునే వేరియబుల్ అంటారట.

కంపైలర్ ఆఖరి మాట దాకా వచ్చాడు. "వేడా? పైన చూశానుగా! మళ్ళీ చూడ్డం పని దండగ" అనుకుని, పొద్దుటి వేడినే గుడ్లకి ఇచ్చెయ్యమన్నాడు.

ఆ వేళ చలిముసురు. గుడ్లు చల్లబడిపోతున్నాయి. వాటిని పెట్టిన చుక్కబాతు వచ్చి పెట్టెకి చెవి ఆనించింది. లోపల పిల్లలు పెంకుల్ని టిక్కుటిక్కుమని పొడిచే చప్పుడు సన్నగిల్లిపోతోంది. ముక్కుతో పెట్టెని టకటకా పొడిచింది.

"ఒరేయ్ కంపైలరూ! నా పిల్లలు చచ్చిపోయేలా ఉన్నార్రా! వేడేదిరా?"

"ఇచ్చానుగా చుక్కమ్మా, ఇదిగో!"

"ఇది పొద్దుటి వేడిరా మొద్దూ! పెంచిన వేడేది?"

"దాని పేరూ వేడే, దీని పేరూ వేడే. నాకెలా తెలుస్తుంది?" కంపైలర్ ఏడుపు ముఖం పెట్టాడు.

సరిగ్గా అప్పుడే పెరట్లోంచి మంగతాయి కేక వినిపించింది. "బుల్లి గంగరాజూ! నూకలు పట్రా!"

ఆ ఇంట్లో మనవలు ముగ్గురికీ తాత పేరే పెట్టారు. ఉత్త "గంగరాజూ" అని పిలిస్తే, "నన్ను కాదులే, వాణ్ణి" అనుకుని ఒక్కడూ కదలడు. అందుకే పెద్ద గంగరాజు, నడిపి గంగరాజు, బుల్లి గంగరాజు.

"విన్నావుట్రా?" అంది చుక్కబాతు. "తాత పేరూ పోలేదు, మనవలూ కలిసిపోలేదు. వేడి మారినప్పుడల్లా కొత్త వేడి పుట్టిందనుకో. పేరు చివర ఓ తోక తగిలించు."

"తోకా? ఎలాంటిది?"

"ఇదిగో, ఇలాంటిది!" చుక్కబాతు వెనక్కి తిరిగి తోక టపటపా ఊపింది.

కంపైలర్ పేరు చివర అంకెల తోకలు తగిలిస్తూ గబగబా రాసుకున్నాడు. పొద్దుటిది వేడి ఒకటి. ముసురు దారిలో పెంచింది వేడి రెండు. ఎండ దారిలో తగ్గించింది వేడి మూడు. అంతలో మళ్ళీ ఆగిపోయాడు.

"చుక్కమ్మా, ఈ రెండు దారులూ చివరికి ఒకచోటే కలుస్తాయి. ఏ రోజు ముసురో, ఏ రోజు ఎండో నాకు ముందే తెలియదే! గుడ్లకి రెండోదివ్వమననా, మూడోదివ్వమననా?"

"దారులు కలిసేచోట ఓ కాపలావాణ్ణి కూర్చోబెట్టు. 'ఎటునుంచి వస్తున్నావయ్యా?' అని అడగమను. ముసురు దారిన వస్తే రెండోది పుచ్చుకుంటాడు, ఎండ దారిన వస్తే మూడోది. పుచ్చుకున్నదానికి మళ్ళీ కొత్త తోక, వేడి నాలుగు. గుడ్లకి అదియ్యి. తొరగా కానియ్‌రా నాయనా!"

ఆ కాపలావాడికి 'ఫై' అని పేరు పెట్టారు. ముసురు దారిన వచ్చిన వేడిని ఫై పుచ్చుకున్నాడు, గుడ్లకి అందించాడు. పెట్టె మెల్లిగా వెచ్చబడింది.

చుక్కబాతు మళ్ళీ పెట్టెకి చెవి ఆనించింది.

టిక్కు. మళ్ళీ టిక్కు. ఒక పెంకు చిట్లి, అందులోంచి తడితడిగా ఓ పసుప్పచ్చ ముక్కు బయటికొచ్చింది. చుక్కబాతు సంతోషం పట్టలేక మళ్ళీ తోక ఊపింది. ఊపుతూనే ఉంది.

అప్పటినుంచే కంపైలర్ తన నడిమి భాషలో ఒక పేరుకి ఒక్కసారే విలువ ఇస్తాడు. మారిందా, తోక మార్చి కొత్త పేరు పెడతాడు. అప్పటినుంచే బాతు కూడా నీళ్ళలోంచి గట్టెక్కగానే ఆగి, తోక టపటపా ఊపుతుంది. ఎక్కడో ఏ పెట్టెలోనో కంపైలర్ మళ్ళీ మరిచిపోతాడేమోనని.