ఎవరి మాటా వినని తలుపు

కాలవగట్టు కింద పల్లంలో ఒక బాతుల షెడ్డు ఉంది. అందులో మాణిక్యం అనే బాతు ఉండేది. దాని పిల్లలు మాత్రం అక్కడ లేవు. వానాకాలం పల్లంలో నీళ్లు నిలుస్తాయని రైతు గుడ్లని మిషన్‌లో పొదిగించి, పిల్లల్ని గట్టుకి అవతల మెరక మీద షెడ్డులో పెట్టాడు. మాణిక్యం వాటిని ఒక్కసారైనా రెక్క కింద పెట్టుకున్నది లేదు.

పల్లం షెడ్డులో దాణా బస్తాల పక్కన గోడకి ఒక కంట్రోలర్ ఉంది. మెరక షెడ్డులో పిల్లలకి వేడినిచ్చే దీపం, తలుపు, స్పీకరు, కెమెరా అన్నీ దాని చెప్పుచేతల్లో ఉండేవి. పల్లం షెడ్డులో ఉండే జీవాల గొంతు అది గుర్తుపడుతుంది. వాటి మాట, రైతు మాట తప్ప ఇంకెవరి మాటా వినదు. మాణిక్యం రోజంతా దాని తెర ముందే కూర్చునేది. దీపం వేడి సరిపోయిందా అని అడిగేది, సరిపోయిందని కంట్రోలర్ చెప్పేది, నమ్మకం కుదరక మళ్లీ అడిగేది.

మెరక షెడ్డు వెనకాల వల కప్పిన చిన్న దొడ్డి ఉంది. పిల్లలు మాత్రమే పట్టే కన్నంలోంచి అందులోకి దారి. స్పీకరు ఆ దొడ్డి చివర పెట్టారు. పొద్దువాలాక మాణిక్యం అందులో పిలిచేది. గొంతు వినగానే పిల్లలన్నీ పరిగెత్తుకొచ్చి ఆ ఇనప డబ్బాకి ఒళ్లు ఆనించి పడుకునేవి. ఇక్కడ మాణిక్యం తన రొమ్ము తెరకి ఆనించేది.

బస్తాల మీద పడుకునే ముసలి గండుపిల్లి విసుక్కునేది. "నీ ఊపిరికి తెరంతా మసకబారుతోంది అమ్మాయ్. పిల్లలు నాకూ కనబడాలి కదా."

ఒక పొద్దున తెర మీద ఎర్రచుక్క వెలిగింది. దీపానికి, తలుపుకి, స్పీకరుకి కొత్త ఫర్మ్‌వేర్ వచ్చిందని కంట్రోలర్ చెప్పింది. ఫర్మ్‌వేర్ అంటే వస్తువు లోపల ఉండే బుద్ధి అనీ, పాతది తీసి కొత్తది ఎక్కించడాన్ని అప్‌డేట్ అంటారనీ, తీరిక చూసుకుని రైతే చేసుకుంటాడనీ పిల్లి వివరించి మళ్లీ కళ్లు మూసుకుంది. మాణిక్యానికి ఆ పూట దాణా దిగలేదు. పిల్లల దగ్గర ఉన్నవి పాతబడిపోయిన వస్తువులా అని ఒకటే దిగులు.

మధ్యాహ్నం కంచె దగ్గరికి నక్క వచ్చింది. మెరక షెడ్డు చుట్టూ ఉన్న పొదల్లోనే దాని కాపురం. పిల్లలు బాగున్నారా అని కుశలమడిగి, ఎర్రచుక్క సంగతి విని తల ఊపింది.

"పై తోటలో బాతులు చుక్క కనబడిన పూటే చేయించేశాయక్కా. నిన్ను అనకూడదులే. దూరాన ఉన్న తల్లికి ఎవరు చెబుతారు?"

ఆ మాట మాణిక్యానికి ఎక్కడో గుచ్చుకుంది. ఎలా చెయ్యాలో చెప్పు తమ్ముడూ అని బతిమాలింది. రేపు ఎండ షెడ్డు కప్పు మీదికి వచ్చేసరికి అన్నిటికీ ఒకేసారి పెట్టమంది నక్క. తలుపు మాత్రం ముందే తీసి ఉంచాలని, మూసిన తలుపుకి అప్‌డేట్ పెడితే బిగుసుకుపోతుందని జాగ్రత్త కూడా చెప్పింది. మాణిక్యం సరేనంది.

లోపలికి వచ్చాక మనసు ఆగలేదు. అప్‌డేట్ అవుతుంటే దీపం వెలుగుతుందా అని అడిగింది. కాసేపు ఆరిపోతుందని కంట్రోలర్ చెప్పింది. స్పీకరు? పలకదు. మరి తలుపు? ఎంతసేపు పడుతుంది?

"గంట పడుతుంది. పని పూర్తయ్యేదాకా తలుపు ఎవరి మాటా వినదు. తీసి ఉంటే తీసే ఉంటుంది, మూసి ఉంటే మూసే ఉంటుంది."

మాణిక్యం వెళ్లి పిల్లిని లేపి, నక్క చెప్పిందంతా చెప్పింది.

"దీపం ఆరితే పిల్లలకి చలేస్తుందని వాడు ఒక్క మాటైనా అనలేదు బాబాయ్. పిల్లల కోసం చెప్పేవాడికి ముందు తట్టేది అదే కదా. వాడి ధ్యాసంతా తలుపు మీదే ఉంది."

పిల్లి లేచి కూర్చుంది. అయితే రేపు తలుపు తియ్యకుండా ఉంటే సరి అంది.

"ఎల్లుండి ఇంకో మాటతో వస్తాడు. వాడు వాళ్ల గుమ్మం ముందు ఉంటాడు, నేనిక్కడ ఉంటాను," అంది మాణిక్యం.

మర్నాడు ఎండ ఎక్కగానే తలుపు తియ్యమని కంట్రోలర్‌తో చెప్పింది. వెంటనే స్పీకరులో పిల్లల్ని పిలిచింది. వేళ కాని వేళ పిలుపు విని పిల్లలు కన్నంలోంచి ఒక్కొక్కటే దొడ్డిలోకి దూరాయి. అన్నిటికన్నా చిన్నది గడప దగ్గర గడ్డిపోచ పొడుస్తూ నిలబడిపోయింది. తెర మీద దాని వెనకాలే నక్క మూతి కనబడింది.

గొంతు వణికితే పిల్ల బెదిరి ఎటో పరిగెడుతుంది. మాణిక్యం రోజూ పొద్దువాలాక పిలిచినట్టే, అదే నిదానంతో, ఇంకోసారి పిలిచింది. చిన్నది పోచ వదిలేసి గునగునా నడిచి కన్నంలో దూరింది. దొడ్డిలో పిల్లల అలికిడి విని నక్క తోకతో సహా షెడ్డు లోపలికి వచ్చేసింది.

"తలుపు ముయ్యి," అంది మాణిక్యం. మూసుకుంది. "ఇప్పుడు తలుపు ఒక్కదానికే అప్‌డేట్ పెట్టు."

నక్క కన్నంలో మూతి పెట్టి చూసింది, పట్టలేదు. తలుపు గీకింది. చివరికి కెమెరా వైపు తలెత్తింది.

"తలుపు తియ్యమనక్కా. నీ పిల్లల జోలికి మళ్లీ రాను."

"నేను చెప్పినా ఇప్పుడు వినదు తమ్ముడూ. కొత్త బుద్ధి నేర్చుకుంటోంది."

"ఎంతసేపు పడుతుంది?"

"ఆ మాట నువ్వు ముందే అడగాల్సింది. నేను అడిగాను."

ఇంక పిలవక్కర్లేదు, పిల్లలకి మేత వేళయింది, వదిలెయ్యమంది పిల్లి. మాణిక్యం మాత్రం పిలుస్తూనే ఉంది. పిలిచినంతసేపూ అవి డబ్బాకి అంటుకునే ఉంటాయి. ఇంకొంచెంసేపు, ఇంకొంచెంసేపు అనుకుని, ఆఖరికి నోరు కట్టేసుకుంది. పిల్లలు తలలెత్తి చూశాయి. ఒక్కొక్కటే లేచి దొడ్డిలో గడ్డి మేయడానికి వెళ్లిపోయాయి.

షెడ్డులో నక్క దీపం కింద ముడుచుకు కూర్చుంది. గట్టు మీద, నక్క వాసన పట్టిన రైతు కుక్కల అరుపు దగ్గరవుతోంది. తలుపు ఇంకా ఎవరి మాటా వినడం లేదు.

నీతి: పిల్లలకి దూరంగా ఉన్న తల్లిని తొందరపెట్టడం సులువే కానీ, అడగాల్సిన ప్రశ్న అడక్కుండా ఆపడం ఎవరివల్లా కాదు.