సముద్రపు చిలకకి జలుబు చేసిందట

అనగనగా ఒక ఊళ్ళో, వాకిట్లో నిలబడితే అలల తుంపర మొహాన పడేంత దగ్గరగా సముద్రం ఉన్న ఊళ్ళో, పోలమ్మ అని ఒక పెద్దావిడ ఉండేది. మనిషి మంచిదే కానీ మతిమరుపు ఎక్కువ. గుర్తుండాలని కొంగుకి ముడి వేసుకునేది. ఆ తర్వాత ఆ ముడి ఎందుకు వేసిందో మరిచిపోయి, కనబడిన వాళ్ళనల్లా అడిగేది.

ఆ పోలమ్మకి ఒక చిలక ఉండేది. ఒకరోజు దానికి జామముక్క పెట్టి, పంజరం తలుపు వెయ్యడం మరిచిపోయింది. చిలక ఎగిరిపోయింది. పోలమ్మ ఎవరినీ తిట్టలేదు, తన్నే తిట్టుకుంది. నా చేతిలో ఏదీ నిలవదు, ఇంకే ప్రాణినీ పెంచను అని అన్నం ముందు కూచున్నా అదే మాట.

అప్పుడు పక్కింటి కొర్లయ్య, పడవ మీద వేటకి వెళ్ళే కొర్లయ్య, ఒకనాడు పొద్దున్నే కుండ ఎత్తుకుని వచ్చాడు. కుండలో ఒక చేప. అలాంటిలాంటి చేప కాదు బంగారూ. ఒళ్ళంతా చిలకపచ్చ. పొలుసు పొలుసుకీ గులాబీ అంచు. బుగ్గల మీద నీలం గీతలు, ఎవరో పుల్లతో గీసినట్టు. ఇక పళ్ళంటావా, అన్నీ కలిసిపోయి ముక్కులా వంకర తిరిగాయి. అచ్చం చిలక ముక్కే.

"అప్పా, ఇది సముద్రపు చిలక. ఇది ఎగిరిపోదులే," అన్నాడు కొర్లయ్య.

పోలమ్మ వద్దు వద్దంటూనే కుండలోకి తొంగిచూసింది. చేప ఒక కంటితో ఆవిడ్ని చూసింది. అంతే, వద్దనడం కూడా మరిచిపోయింది.

ఇంటి వెనక రాళ్ళ మధ్య ఒక గుంట ఉంది. సముద్రం పోటు మీద ఉన్నప్పుడు ఒక సందులోంచి కొత్తనీళ్ళు వచ్చి గుంట నిండుతుంది. చేపని అందులో వదిలారు. సందుకి అడ్డంగా కొర్లయ్య ఒక బండ దొర్లించాడు, నీళ్ళు వస్తాయి గానీ చేప పోలేదు. బండ ఉందో లేదోనని పోలమ్మ పూటపూటా వెళ్ళి చేత్తో తడిమి చూసుకునేది.

చిలక అన్నారు కదా, అందుకని మొదట జామపండు తెచ్చింది. చేప ముట్టలేదు. పచ్చిమిరపకాయ వేసింది. చేప దాని చుట్టూ ఒకసారి తిరిగి, పక్కరెక్కలు ఆడించుకుంటూ ఎగిరినట్టే వెళ్ళిపోయింది. ఆ తర్వాత మాటలు నేర్పింది. ఎవరొచ్చారో చెప్పు, ఎవరొచ్చారో చెప్పు అని గట్టున కూచుని గొంతు పోయేదాకా చెప్పింది. చేప నోరు తెరిచింది. పోలమ్మ ఊపిరి బిగబట్టింది. చేప గబుక్కున ముందుకెళ్ళి, పాచి పట్టిన రాయిని కరకరా కొరికింది.

అవతలి ఇంటి దానమ్మ గోడ మీదనుంచి చూస్తూనే ఉంది. "వదినా, నీ చిలకకి మాటలు పడవు, రాళ్ళే పడతాయి," అంది.

రాళ్ళు కొరికిన చేప కాసేపటికి తోక కింద నుంచి తెల్లటి ఇసుక జల్లింది. మళ్ళీ కొరికింది, మళ్ళీ జల్లింది. అయ్యో, దీనికి కడుపు పాడయిందని పోలమ్మ వాము దంచి, నీళ్ళు కాచి, చల్లార్చి గుంటలో పొయ్యబోయింది. కొర్లయ్య పరుగున వచ్చి ఆపాడు. అది తినేది పాచి అనీ, దాంతోపాటు కొరికిన రాయి కడుపులో నలిగి ఇసుకై వస్తుందనీ, మనం నడిచే ఇసుకలో దాని వాటా కూడా ఉందనీ చెప్పాడు. కాచిన నీళ్ళు వృథా ఎందుకని పోలమ్మే తాగేసింది.

ఆ సాయంత్రం కొర్లయ్య వేటకి వెళ్ళిపోయాడు. పొద్దు వాలుతుంటే చేప ఒక రాతి కింద చేరి, నోట్లోంచి సన్నటి జిగురు వదలడం మొదలెట్టింది. పోలమ్మ దీపం పట్టుకుని చూసింది. పాపం, జలుబు చేసింది, ముక్కు చీదుకోలేని ప్రాణి అని జాలిపడి, చెయ్యి పెట్టి ఆ జిగురంతా తుడిచేసింది.

చేప ఉలిక్కిపడింది. తెల్లవార్లూ గుంట చుట్టూ తిరుగుతూనే ఉంది. పొద్దున్నకి దాని పచ్చరంగు వెలిసిపోయింది. రాయి ముట్టలేదు. ఇది కూడా నా చేతిలోంచి పోతుందని పోలమ్మ గట్టు మీదే కాపలా కూచుంది.

మళ్ళీ పొద్దు వాలింది. మళ్ళీ అదే రాయి, అదే జిగురు. తుడుద్దామని పోలమ్మ నీళ్ళలో చెయ్యి పెట్టింది. అప్పుడు రాళ్ళ చీలికలోంచి ఒక పాముచేప తల బైటికి పెట్టింది.

చెయ్యి అక్కడే ఆగిపోయింది. పాముచేపకి కంటికన్నా ముక్కే దారి. వాసన చూసుకుంటూ, వాసన చూసుకుంటూ రాతి కిందికి వచ్చింది. చిలకచేప ఎదుటే ఉంది, గాజుబుడగలో పాపాయిలా జిగురుతెరలో నిద్రపోతోంది. తెర దాటి వాసన రాలేదు. పాముచేప ఇటు తిరిగింది, అటు తిరిగింది, ఏమీ దొరక్క వచ్చిన చీలికలోకే వెళ్ళిపోయింది.

పోలమ్మ చెయ్యి మెల్లిగా వెనక్కి తీసుకుంది. "నా మతి మండా. జలుబు కాదే ఇది, దోమతెర. పడుకున్న పిల్ల దోమతెర చింపాను నేను," అంది.

ఆ పూట తన్ను దోమ కుట్టినా ఫట్మని కొట్టలేదు, చేపకి మెలకువ వస్తుందని.

తెల్లారాక చేప తెర చించుకుని బైటికొచ్చింది. రంగు తిరిగి వచ్చింది. కానీ గుంటలో రాళ్ళన్నీ తోమిన గిన్నెల్లా ఉన్నాయి, ఎక్కడా పాచి లేదు. పోలమ్మ సముద్రంలోంచి బుట్టెడు పాచిరాళ్ళు తెచ్చింది. మధ్యాహ్నానికి అవీ తెల్లబడ్డాయి. ఇలా ఎన్ని బుట్టలు తేగలదు? బండ తియ్యకపోతే చేపకి ఆకలి. తీస్తే చేప ఉండదు. బండ మీద చెయ్యి వేసుకుని అలాగే కూచుంది.

చాలాసేపటికి దానమ్మని పిలిచింది. ఇద్దరూ కలిసి బండ పక్కకి నెట్టారు. చేప సందులోంచి జారి, వెనక్కైనా చూడకుండా సముద్రంలోకి పోయింది.

పోలమ్మ గంజి కూడా తాగలేదు. నేనే పంపాను కదా, ఏడుపు దేనికి అని తనకి తనే చెప్పుకుంటూ ఏడ్చింది.

సాయంత్రం పోటు వచ్చింది. సందులోంచి కొత్తనీళ్ళు వచ్చాయి. నీళ్ళ వెంట పచ్చగా ఏదో మెరిసింది. చిలకచేప, బంగారూ! తిన్నగా వచ్చి తన రాతి కిందే చేరింది. దాని వెనక ఇంకో రెండు చిలకచేపలు, ఇటుకరంగువి.

"చుట్టాల్ని కూడా తెచ్చింది వదినా. అందరికీ దోమతెరలున్నాయా నీ దగ్గర?" అంది దానమ్మ.

"ఎవరి తెర వాళ్ళే తెచ్చుకుంటారు. నీలాగ నా ఇంటికి అరువుకి రారు," అంది పోలమ్మ, నవ్వుతూ కళ్ళు తుడుచుకుంటూ.

ఆ తర్వాత రోజూ అంతే. పొద్దున్న మేతకి పోవడం, పొద్దు వాలితే పడకకి రావడం. ఆ వేళకి గుంట పక్కనుంచి ఎవరు వెళ్ళినా గొంతు తగ్గించి నడిచేవాళ్ళు. ఏమర్రా అంత మెల్లిగా అని ఎవరైనా కొత్తవాళ్ళు అడిగితే, పోలమ్మ పిల్లలు పడుకున్నారని చెప్పేవాళ్ళు.

రాళ్ళు కొరికే చిలకమ్మా,
ఇసుక జల్లే చిలకమ్మా,
పొద్దు పోయె పడకెక్కమ్మా,
తెర దించి బజ్జోవమ్మా.
కథ కంచి దారి పట్టె,
మనకి ఇంట నిద్ర పట్టె.