దానంతటదే తెరుచుకున్న పేజీ

కొండ కింద గ్రంథాలయం కప్పు కూలినప్పుడు మనుషులు టేకు దూలాలు పట్టుకెళ్ళారు, పుస్తకాలు వదిలేశారు. అడవిలో జంతువులు వాటిని ఒక్కోటీ నోట కరుచుకుని రాతిగుహలోకి చేర్చుకున్నాయి. గుహ చూస్తే చిన్నది. అందుకని ఒక పద్ధతి పెట్టుకున్నాయి. కుందేలు శేషు వారం వారం తను చదివిన పుస్తకాల గురించి అందరి ముందూ చెప్పాలి. బాగుందంటే ఆ పుస్తకం గుహలో ఉంటుంది, బాలేదంటే మేక గవరమ్మ నమిలేస్తుంది. నమిలే ముందు మాత్రం, ఎంత పనికిమాలిన పుస్తకమైనా సరే, ఒక పేజీ పైకి చదవాలి. పోయేదాని మాట ఒక్కసారైనా వినాలని గవరమ్మే పెట్టిన నియమం అది.

శేషుకి ఈ పనంటే గౌరవం, అంతకుమించి భయం. తెలివితక్కువగా మాట్లాడేస్తానేమోనని నోరు తెరిచిన ప్రతిసారీ చెవులు వణికేవి.

ఆ వారం వాటాకి అట్ట ఊడిన లావుపాటి మూలికల పుస్తకం ఒకటి వచ్చింది. రెండు పేజీలు తిప్పేసరికి నిద్ర ముంచుకొచ్చి పక్కన పెట్టేశాడు. సభకి వెళ్తుంటే దారిలో నక్క వైద్యుడు ఎదురయ్యాడు. అడవిలో జ్వరానికి మందిచ్చేది ఆయనొక్కడే. నల్లటి ఉండలు ఇస్తాడు, ఊరికే మాత్రం ఇవ్వడు.

"ఏమోయ్ శేషూ, ఆ మూలికల పుస్తకం చదివావా?"

"చదువుతున్నానండీ, ఇంకా..."

"చదువుకున్నవాడివి, దానికా టైము వేస్టు చేసేది? అంతా చాదస్తంట. నేనైతే ముట్టుకోలేదు, విన్నానంతే."

"అంతేనంటారా?"

"నీ ఇష్టం. బాగుందన్నావనుకో, నీకేం తెలీదని అందరికీ తెలిసిపోతుంది."

ఆ మాట శేషుకి ముల్లులా దిగింది.

సభలో అందరూ కూర్చున్నారు. ఓ పక్కన జింక పైడమ్మ, ఆమె ఒళ్ళో జ్వరంతో మూలుగుతున్న పిల్ల. మందు కావాలంటే వానకి తడవని ఆమె పొద తనకి రాసిచ్చినట్టే వదిలెయ్యాలన్నాడు నక్క. సాయంత్రంలోగా మాటివ్వాలి. శేషు అటు చూడలేకపోయాడు. పోయిన వానాకాలం తన చెల్లికీ ఇదే జ్వరం వచ్చింది. ఇవ్వడానికి వాళ్ళకి పొద కూడా లేదు. చెల్లి దక్కలేదు.

"కానీ నాయనా," అంది గవరమ్మ.

"డిటెక్టివ్ నవల బాగుంది. కాకపోతే హంతకుడి పేరున్న పేజీ దగ్గర దానంతటదే తెరుచుకుంటోంది. పాఠకులందరూ ముందే అక్కడ తిరగేసి చూసుకున్నారు కాబోలు. నాక్కూడా మొదట్లోనే తెలిసిపోయింది. పద్యాల పుస్తకం సగం అర్థం కాలేదు, అర్థం కాని సగమే గుర్తుంది. ఉంచండి. వంటల పుస్తకంలో మొదటి సగం మన గురించే. తట్టుకోలేకపోయాను. పచ్చళ్ళ భాగం మంచిది."

"మొదటి సగం నాకిచ్చెయ్, మా వాళ్ళ పేర్లే ఉంటాయి అందులో," అంది గవరమ్మ. కొందరు నవ్వారు.

"ఇక ఆ మూలికలది?"

శేషు నక్క వైపు చూశాడు. "అది... చాదస్తం. బాలేదు."

"సరే. ఒక పేజీ చదివి ఇటివ్వు."

"మొదటి పేజీ చదివెయ్, చాలు," అన్నాడు నక్క, అడక్కుండానే.

శేషు మొదటి పేజీ కోసమే పుస్తకాన్ని బండ మీద పెట్టాడు. చెయ్యి తియ్యగానే అది మధ్యకి తెరుచుకుంది. మూసి మళ్ళీ పెట్టాడు. మళ్ళీ అక్కడికే తెరుచుకుంది. ఎవరూ ముట్టుకోని పుస్తకం అలా తెరుచుకోదు. అంచున నల్లటి పసరు మరకలు, నక్క కాలి గుర్తులు.

"మొదటి పేజీ అన్నానా," అన్నాడు నక్క.

శేషు చెవులు వణుకుతూనే ఉన్నాయి. అయినా చదివాడు.

"నేలవేము. గట్ల మీద, నీడలో ఎక్కడైనా మొలుస్తుంది. పరమ చేదు. ఆకు నూరి ఉండలు చేసి జ్వరానికి ఇస్తారు. ఆరితే నల్లబడతాయి."

ఆ చేదు అక్కడ అందరి నాలుకలకీ తెలుసు.

పైడమ్మ లేచింది. "మొక్కెలా ఉంటుందో బొమ్మ చూపించు నాయనా." చూసింది. నక్క వైపు తిరిగింది. "ఇది మీ బొరియ ముందే కదండీ గుబురుగా ఉంటుంది. ఏదో కలుపు మొక్కనేవారు."

"రేపు ఏదైనా తేడా వస్తే నా గుమ్మం తొక్కకండి," అన్నాడు నక్క.

"తొక్కక ఎలాగండీ, కోసుకోవాలిగా," అని పిల్లని గవరమ్మకి అప్పజెప్పి పరిగెత్తింది పైడమ్మ. వెనకే మిగతావాళ్ళూ కదిలారు. నక్క వాళ్ళకంటే ముందు బొరియ చేరాలని చూశాడు గానీ, జింకని దాటగలడా.

గవరమ్మ పిల్ల నుదురు నాకుతూ అడిగింది. "బాలేదన్నావు కదరా దాన్ని. అసలు చదివావా?"

"లేదు అత్తా."

ఆమె పుస్తకాన్ని ముట్టెతో అతని వైపు నెట్టింది.

పిల్లకి మర్నాటికి జ్వరం దిగింది. శేషు తర్వాతి వారం సభకి రాలేదు, ఆ పై వారం సభకీ రాలేదు. గుహలో కూర్చుని ఆ పుస్తకం మొదటి పేజీ నుంచి చదువుతున్నాడు. పోయిన వానాకాలం కూడా అది ఆ గుహలోనే ఉంది. చెల్లి పడుకున్న చోటికి ఒక్క గెంతు దూరంలో.

చదవకుండా చెప్పే అభిప్రాయం మనది కాదు, ఎవరో తమ అవసరానికి మన నోట్లో పెట్టిన మాట.