దొరగారి తలంటు

కొండవాక దొర వీరభూపతికి జుట్టంటే ప్రాణం. అది రోజురోజుకీ రాలిపోతుంటే, తప్పంతా తలంటే మంగలిదే అన్నాడు. "ఒక్క వెంట్రుక రాలినా సరే, రాల్చిన చెయ్యి నరికెయ్యండి" అని ఆజ్ఞ వేశాడు. పాత మంగలి అప్పటికే ఒంటిచేతివాడయ్యాడు.

ఇప్పుడు కొత్త మంగలి పోలయ్య వంతు వచ్చింది. దొర పీట మీద కూర్చున్నాడు. పక్కనే భటుడు కత్తి దూసి నిలబడ్డాడు. పోలయ్య చేతులు వణికి గిన్నెలో నూనె తొణికింది.

"దొరా, తొలి నూనె ఇంటి పెద్ద పెట్టడం ఆచారం కదా. ఇక్కడ తమకంటే పెద్ద ఎవరున్నారు? తమరే పెట్టుకోవాలి."

దొర పొంగిపోయి, అరచేతినిండా నూనె పోసుకుని మాడు గట్టిగా మర్దించుకున్నాడు. చెయ్యి తీసి చూస్తే ఇన్ని వెంట్రుకలు!

భటుడు బిక్కచచ్చిపోయి ఆ చేతివంకే చూశాడు.

పోలయ్య, "నేనింకా తమ తల ముట్టనేలేదు దొరా" అన్నాడు.

దొర మెల్లగా చెయ్యి పంచెకు తుడుచుకున్నాడు.

"ఆ ఆజ్ఞ రద్దు. ఉన్న జుట్టు నిలవాలంటే ఏం చెయ్యాలో చెప్పు."

"కుంకుడు రసంతో రుద్దించుకోండి, తడి తల దువ్వకండి. అన్నిటికంటే ముందు ఈ భటుణ్ణి బయటికి పంపండి దొరా. వణికే చేత్తో తలంటితే ఉన్నది కూడా ఊడుతుంది."