కోపం వచ్చిన వేలి కొలత

గుట్ట కింద గిడ్డయ్య బాణం తప్పదు. కోట ముందు గిడ్డయ్య బాణం తగలదు. అదీ అతని కష్టం.

అదే విల్లు, అదే చెయ్యి. గుట్ట కింద ఒక ఫకీరు ఉండే తకియా ముందు నిలబడి వేస్తే, అంత దూరాన కొయ్య మీద బోర్లించిన ముంత పెంకులైపోతుంది. కోట మైదానంలో అంతే దూరాన, అలాంటి ముంతకే గురిపెడితే బాణం ఎడమకు కొట్టుకుపోతుంది. ఎందుకలాగ? తొందరపడకండి, అక్కడికే వస్తున్నాను. ముందు ఆ ఫకీరును ఒకసారి తలుచుకోనివ్వండి. తలుచుకుంటేనే నాకు నోరు తీపెక్కుతుంది.

ఆయన పేరు ఖలీల్ షా. ఆ పేరుకు ఎవరికీ నోరు తిరగదు గనక చుట్టుపక్కల అందరూ కొమ్ము సాయిబు అనేవాళ్ళు. దున్నకొమ్ము కోసి, ఆకురాయితో అరగదీసి, విలుకాళ్ళ బొటనవేలికి ఉంగరాలు చేసేవాడు. ఇప్పటి పోటీల్లో చేతిలో చిన్న మీట పట్టుకుని దాంతో అల్లెతాడు వదులుతారు చూశారా, ఆ రోజుల్లో ఆ పని ఈ ఉంగరానిది. కోట విల్లు బిరుసు. వట్టి వేలితో లాగితే తోలు లేచిపోతుంది. తాడును ఉంగరం అంచుకు ఆనించి లాగాలి. వేలు సడలిస్తే తాడు జారిపోవాలి. ఉంగరం వెంట్రుకవాసి బిగువైతే వేలు జంకుతుంది, వెంట్రుకవాసి వదులైతే తాడు ముందే జారుతుంది. ఎటైనా బాణానిదే పాపం.

ఆకురాయి ముందుకు పోతే దేవుడి నామం ఒకటి, వెనక్కి వస్తే ఇంకొకటి. ఒక్క ఉంగరం పూర్తయ్యేసరికి ఎన్ని నామాలయ్యేవో ఆ వినేవాడికే తెలియాలి. ఆయన ఏ పేరున పిలిచినా పలుకుతాడు లెండి.

ఇక కోట సంగతి. గుండ్లకొండ దొర కస్తూరి నాయకుడికి అడవంతా తన వేటకే కావాలనిపించింది. అడ్డం ఉన్నది కొండ బోయల విల్లంబులు. దండోరా వేయించాడు. "కొండవాళ్ళ విల్లు పిల్లకాయల ఆట. దసరా నాడు వాళ్ళలో ఒక్కడు కోట విల్లుతో, ఒక్క బాణంతో ముంత పగలగొడితే వాళ్ళ విల్లంబులు వాళ్ళవి. లేదంటే అన్నీ తెచ్చి కోటలో పడేయాల."

విల్లు లేని కొండ బతికేదెట్లా? చేను పందుల పాలు, మంద చిరుత పాలు. గిడ్డయ్య నాయన మందకూ చిరుతకూ నడుమ నిలబడే ప్రాణం వదిలాడు. అందుకని కొండ మీది పెద్దలంతా గిడ్డయ్య వైపు చూశారు. గిడ్డయ్య దిగి వచ్చి సాయిబు కాళ్ళకు మొక్కాడు. సాయిబు ఒకప్పుడు ఆ కోటలో విలుకాడే. పాత విల్లు దించి ఇచ్చాడు. కొలత కోసం బొటనవేలు చాపమన్నాడు.

గిడ్డయ్య చేతిని వీపు వెనక దాచుకున్నాడు.

"ఏందిరా?"

"మా అవ్వ చెప్పింది సామీ. గురువుల దగ్గరికి పొయ్యేటప్పుడు బొటనవేలు జాగ్రత్త అని."

సాయిబు కడుపు పట్టుకుని నవ్వాడు. "మీ అవ్వ తెలివిగల మనిషి. నేను వేలు అడిగే గురువును కాదు లేరా. వేలికి తొడిగే గురువును."

తెల్లవారి నమాజు అయ్యాక, చల్లటి పొద్దున, చల్లటి చేతికి కొలత తీశాడు. ఉంగరం వేలికి రెండో తోలులా అమరింది. ముంతలు పగిలాయి. అన్నం వండిపెట్టే హుసేనమ్మ మొత్తుకుంది కూడా. "ఒరే గిడ్డిగా, నీ గురి పాడుగాను, నీళ్ళు ముంచుకోడానికి ఒక్క ముంతన్నా మిగల్చరా!"

సంత రోజున గిడ్డయ్య కోట మైదానానికి పోయి వేసి చూశాడు. గోడ మీద కోట బంట్లు కాళ్ళాడిస్తూ కూర్చున్నారు.

"ఒరే, కొండముచ్చు ఉంగరం తొడిగిందిరా!"

"పెండ్లికేమో. పెండ్లికూతురు ఏ కొమ్మ మీదుందో అడుగు."

గిడ్డయ్యకు ఒళ్ళు మండింది. ఉంగరం వేలిని కొరికింది. బాణం ఎడమకు పోయింది.

తిరిగొచ్చి, "ఉంగరం బిగువైంది సామీ," అన్నాడు. సాయిబు లోపల అరగదీసి ఇచ్చాడు. తకియా దగ్గర అది జారింది. "వదులైంది సామీ." లోపల తోలు ముక్క అతికించి ఇచ్చాడు. కోట దగ్గర మళ్ళీ కొరికింది. తోలు తీయడం, తోలు పెట్టడం, సంత వెంబడి సంత ఇదే వరస.

"ఈ ఉంగరం ఊరికొక మాట మాట్లాడతాంది సామీ," అన్నాడు గిడ్డయ్య ఒకనాడు.

"ఉంగరానికి నోరేడుందిరా? మాట్లాడేది వేలు."

గిడ్డయ్య తల వంచుకుని కూర్చున్నాడు. అప్పటికి తనకూ తెలిసొచ్చింది. "నిజమే సామీ. వాళ్ళు నవ్వితే నాకు రక్తం పొంగుతుంది. వేలు ఉబ్బుతుంది. నా కోపం తీసెయ్. తాయెత్తు కట్టు. మంత్రం చెప్పు. ఏదన్నా చెయ్యి."

"తాయెత్తుల సాయిబు పక్క ఊళ్ళో ఉన్నాడు," అన్నాడు ఖలీల్ షా. "నేను ఉంగరాలు చేస్తా."

అంతే. మళ్ళీ ఆకురాయి అందుకున్నాడు. గిడ్డయ్యకు గురువు మీద కూడా కోపం వచ్చింది. దాచుకోలేదు. "ఇంతమంది తిండి పోయే పని నెత్తిన పెట్టుకోని నేను వస్తే, నీకు ఎగతాళిగా ఉండాది!" అని లేచిపోయాడు.

దసరా దగ్గరపడింది. ఒక మధ్యాహ్నం అందరూ సంగటికి కూర్చున్నారు. హుసేనమ్మ గిడ్డయ్య ముందు ముద్ద పెట్టింది. గిడ్డయ్య చెయ్యి పెట్టబోయాడు.

"ఆగు," అన్నాడు సాయిబు. "ఆ ముద్ద తియ్యి హుసేనమ్మా. పిరికోళ్ళ వంశానికి నా తకియాలో కూడు లేదు."

హుసేనమ్మ చేతిలో గరిటె గాల్లోనే ఆగింది.

"వీళ్ళ నాయన చిరుతను చూసి మందను వదిలేసి పరిగెత్తినాడంట గదా. ఆ పరుగులోనే బండ మీద నుంచి పడి చచ్చినాడంట. చిరుత కొట్టిందని వీళ్ళు కత అల్లినారు."

గిడ్డయ్య లేచాడు. సంగటి ముద్ద దొర్లింది. కళ్ళు ఎర్రబారాయి. పిడికిలి బిగిసింది. ఒక్క అడుగు ముందుకు వేశాడు. ఆ అడుగు ఎందుకు వేశాడో మనకూ తెలుసు, ఆయనకూ తెలుసు.

ఖలీల్ షా కదల్లేదు. ఆ పిడికిలినే రెండు చేతులతో పట్టుకున్నాడు. బొటనవేలు విప్పి, ఒళ్ళో సిద్ధంగా ఉంచుకున్న తడి దారం దాని చుట్టూ తిప్పి ముడి వేశాడు.

"కదలకు. కొలత చెడుతుంది."

దారాన్ని మెల్లగా జార్చి పక్కన పెట్టుకుని, అప్పుడు దొర్లిన ముద్దను ఆయనే ఎత్తి తన ఆకులో వేసుకున్నాడు. తన ముద్ద గిడ్డయ్య ఆకులో పెట్టాడు.

"మీ నాయన మంద ముందు నిలబడ్డాడు. ఆ గాయాలు కడిగినోణ్ణి నేను. అన్నీ రొమ్ము మీదే. ఆయన పేరు నా నోట చెడగొట్టినాను. అందుకు రేపంతా నేను ఉపవాసం."

మరునాడు పచ్చి మంచినీళ్ళు కూడా తాగలేదాయన. ఆ ఎండలో కూర్చుని, నామం చెప్పుకుంటూ, ఆ దారం కొలతకు కొత్త కొమ్ము అరగదీశాడు.

గిడ్డయ్య కొత్త ఉంగరం తొడుక్కున్నాడు. గుండ్రంగా తిరిగింది.

"ఇది వదులు సామీ. బాణం నా కాళ్ళ కాడే పడుతుంది."

"ఈడ వదులే."

"తోలు ముక్క పెట్టేదా?"

"ఏమీ పెట్టొద్దు."

"కోపం తీసెయ్యమంటే, కోపానికే కొలత తీసినావా?"

"ఉన్న వేలికే గదరా ఉంగరం," అన్నాడు సాయిబు.

దసరా వచ్చింది. కొండ కొండంతా దిగి వచ్చి కోట ముందు నిలబడింది. ఆడవాళ్ళు, ముసలివాళ్ళు, అందరూ. మగవాళ్ళ భుజాన విల్లంబులు. సాయంత్రానికి అవి ఇంటికి పోతాయో, కోటలోకి పోతాయో ఎవరికీ తెలియదు.

గిడ్డయ్య గోడ వైపు చూశాడు. కొండముచ్చు అంటారు, రక్తం పొంగుతుంది, ఉంగరం బిగుస్తుంది. అన్నీ అనుకునే వచ్చాడు. కానీ చూడండి, బంట్లు చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఒక్కడి నోరూ లేవలేదు. దొర ఆజ్ఞ. పైగా దొరే మెట్లు దిగి, ఎండలో నడుచుకుంటూ గిడ్డయ్య దగ్గరికి వచ్చాడు. భుజం మీద చెయ్యి వేశాడు.

"గిడ్డయ్యా, నాయనా, ఎండలో నిలబడినావే. మజ్జిగ తాగు."

గిడ్డయ్యను పుట్టిన కాడినుంచి ఏ దొరా నాయనా అనలేదు. మజ్జిగ తాగాడు. కరివేపాకు, అల్లం వేసి కలిపిన మజ్జిగ. కడుపు చల్లబడింది.

దొర వెండి పళ్ళెంలోంచి ఆకూ వక్కా తీసి, స్వయంగా గిడ్డయ్య చేతిలో పెట్టాడు. గొంతు తగ్గించాడు. "గాలి తోలుతాంది. బాణం తప్పడం ఎవరికైనా సహజమే. తప్పితే తప్పనీ, నేనేమీ అనుకోను. రేపట్నుంచి కోట వాకిలి కావలి నీది. తలపాగా, గుర్రం. మీ అమ్మకు మిద్దె ఇల్లు. కొండోళ్ళకు విల్లంబులతో పనేముంది? చిరుత వస్తే నా మనుషులు రారా?"

మాట ఎంత మెత్తగా ఉందంటే, గిడ్డయ్యకు నిజంగానే అమ్మ మిద్దె మీద వడియాలు ఎండబెడుతున్నట్టు కనబడింది. కోపం ఏదీ? వెతికినా లేదు. తాంబూలం రొంటిన దోపుకున్నాడు. మన దేశంలో తాంబూలం పుచ్చుకోవడమంటే ఏమిటో మీకు చెప్పక్కర్లేదు. మాట ఇచ్చినట్టే.

విల్లు అందుకోవడానికి చెయ్యి కిందికి దించాడు.

ఉంగరం జారి దుమ్ములో పడింది.

గిడ్డయ్య వంగి తీశాడు. తుడిచాడు. తొడుక్కున్నాడు. మళ్ళీ జారింది. అరచేతిలో పెట్టుకుని చూశాడు. లోపలంతా సన్నసన్నటి ఆకురాయి గీతలు. ఒక్కొక్క గీత ఒక్కొక్క నామం. నాలుక పిడచగట్టిన ముసలాయన ఒకడు ఎండలో కూర్చుని గీసిన గీతలు.

చాలాసేపు చూశాడు. తల ఎత్తి కొండవాళ్ళను చూశాడు. వాళ్ళు అతన్నే చూస్తున్నారు.

అప్పుడు మొదలైంది. ఈసారి ఎవరూ నవ్వలేదు, ఎవరూ తిట్టలేదు. పాదాల దగ్గర పుట్టి మెల్లగా పైకి పాకింది. చెవుల దాకా పోయింది. వేళ్ళ దాకా వచ్చింది.

రొంటినున్న తాంబూలం తీశాడు. దొర పళ్ళెంలో తిరిగి పెట్టాడు.

దొర ముఖం నల్లబడింది. "ఏందిది?"

"ఇది రొంటినుంటే నా చెయ్యి నాది కాదు దొరా."

ఉంగరం తొడిగాడు. తిప్పబోయాడు. తిరగలేదు.

అల్లెతాడు చెంప దాకా వచ్చింది. వేలు జంకలేదు. దూరంగా కొయ్య మీద ముంత ఉండాల్సిన చోట ఉత్త ఆకాశం కనబడింది. ఆ తర్వాత పెంకుల చప్పుడు వినబడింది.

కొండంతా ఒక్క గొంతుతో అరిచింది. దొర చెయ్యి ఎత్తాడు. "గాలి తోసింది! లెక్కలోకి రాదు. ఇంకొక్కసారి వెయ్యాల!"

గిడ్డయ్య రెండో బాణం తీశాడు. "ఎన్నిసార్లైనా పెట్టించు దొరా, ముంతలు. ఈ వేలు ఇప్పుడిప్పుడే చల్లారదు."

గోడ మీద ఒక ముసలి బంటు నవ్వు ఆపుకోలేకపోయాడు. పక్కవాడు కూడా ఆపుకోలేదు. ఈసారి వాళ్ళు నవ్వింది గిడ్డయ్యను చూసి కాదు. దొర పళ్ళెం పట్టుకున్నవాణ్ణి కసురుకుని మెట్లెక్కి లోపలికి పోయాడు. రెండో ముంతను ఎవరూ పెట్టలేదు. విల్లంబులు ఎవరివి వాళ్ళ భుజానే ఉన్నాయి.

గిడ్డయ్య తకియాకు వచ్చేసరికి ఖలీల్ షా ఇంకెవరికో ఉంగరం అరగదీస్తున్నాడు. తల ఎత్తలేదు.

"సరిపోయిందా?"

"మొదట జారి పడింది సామీ."

ఆకురాయి ఆగింది. "తిట్టలేదా వాళ్ళు?"

"లేదు. నాయనా అన్నారు. మజ్జిగ ఇచ్చినారు."

గిడ్డయ్య ఉంగరం తీసి ఆయన పాదాల దగ్గర పెట్టబోయాడు. ఆయన దాన్ని ఎత్తి మళ్ళీ గిడ్డయ్య వేలికే తొడిగాడు.

"ఇంకెప్పుడన్నా వదులైతే," అన్నాడు, "నా దగ్గరికి తేవద్దు. చేతిలో ఏం పెట్టినారో చూసుకో."