మడుగులో కొరమీను

కొండ దిగువన ఒక వాగు. రెండేళ్లుగా అది వేసవి రాకముందే ఎండిపోతోంది. "వానదేవుడికి కోపమొచ్చింది. పైన ఊట కూడా చచ్చిపోయింది, నా కళ్లతో చూశాను. ఉపవాసాలుండండి, ఎటూ కదలకండి," అని నక్క గవర్రాజు చెబితే అడవంతా తల దించుకుని కూర్చుంది.

తాబేలు పైడమ్మ మాత్రం కూర్చోలేకపోయింది. ఒడ్డు ఇసకలో ఆమె గుడ్లున్నాయి. నాలుగు రోజుల్లో పిల్లలు బయటికొస్తారు. పూటపూటా జపం చేసుకునే ముసలిది, ఎవరినీ పల్లెత్తు మాటనదు. ఆ పొద్దున ఉపవాసం గొప్పతనం చెబుతున్న గవర్రాజు మూతి దగ్గర చేప వాసన తగిలేసరికి ఆమె ఒళ్లు మండిపోయింది.

"నాదో మాట వినండర్రా," అంది మెల్లగా.

"వినే ఓపికెక్కడిది మామ్మా," అన్నాడు దున్నపోతు అప్పన్న, పడుకున్నచోటు నుంచే.

"నిరుడు నా పిల్లలు పదకొండు మంది ఇసకలోంచి లేచి నీళ్లకోసం పాకారు. నేను పుట్టినప్పుడు నీళ్లు మూడడుగుల దూరంలో ఉండేవి. వాళ్లకి కాలిన రాళ్లు దొరికాయి. మధ్యాహ్నానికి ఒక్కరూ మిగల్లేదు. దైవేచ్ఛ అనుకుని దండం పెట్టుకున్నాను. ఎవరికీ చెప్పుకోలేదు. సిగ్గుమాలినదాన్ని."

అప్పన్న లేచి నిలబడ్డాడు.

పైడమ్మ గవర్రాజు వైపు చూడకుండానే అంది, "మా అమ్మ పైన లోయ మడుగులో ఉండేది. అక్కడి కొరమీను బురద కంపని, కుక్కలైనా ముట్టవని కిందికొచ్చేసింది."

"కుక్కలకేం తెలుసు రుచి?" గవర్రాజు తట్టుకోలేకపోయాడు. "పొద్దున నే తిన్న కొరమీను వెన్నముద్దే."

"ఊట చచ్చిన చోట కొరమీనెలా బతికిందిరా?" అన్నాడు అప్పన్న.

"అది ఎండుచేప, బావా."

"వెన్నముద్దలాంటి ఎండుచేప," అంది చెట్టు మీది కోతి. "మాకూ చూపించు, పద."

అంతా కొండెక్కారు. లోయ మూతికి అడ్డంగా రాళ్లూ బురదా కలిపి కట్టిన గోడ, దాని నిండా నక్క పంజా గుర్తులు. వెనక పీకల్లోతు నీళ్లు, చేపలు.

అప్పన్న కొమ్ములు దించాడు. కోతులు రాళ్లు లాగాయి. సాయంత్రానికి నీళ్లు ఇసకని తాకాయి. చేపలూ నీటివెంటే పోయాయి.

"నువ్వు భక్తురాలివి మామ్మా. దేవుడు క్షమించమంటాడు కదా," అన్నాడు గవర్రాజు.

"ఆయన్నే అడుక్కో. ఆయన పేరు చెప్పి నా పిల్లల్ని చంపావు. ఈ వాగు దగ్గర మళ్లీ కనపడకు."

గవర్రాజు కొండ దాటేదాకా అప్పన్న వెనకే నడిచాడు.

నీతి: నోరు విప్పని దుఃఖం దొంగకే కాపలా కాస్తుంది.